ఎండాకాలం వానకు ఊరి చెరువు పొంగితే: గట్టు తెగకముందు ఏం చేయాలి

శ్రావణ భాద్రపదాల్లో వచ్చే వానలకు మన ఊళ్లు ఎంతోకొంత సిద్ధంగానే ఉంటాయి. అసలు టెన్షన్ మే నెల వానతోనే. మాది దుగ్గిరాల దగ్గర ఊరు, ఉద్యోగం విజయవాడలో, సెలవు దొరికితే ఊళ్లోనే ఉంటా కాబట్టి కళ్లారా చూసింది చెబుతున్నా. మా కృష్ణా డెల్టాలో ఊరి చెరువంటే ఎక్కువగా మంచినీళ్ల చెరువే. రబీ అయిపోయాక కాలువలకి నీళ్లు ఆపేస్తారు, ఎండలు ముదిరే వేళకి తాగునీటి కోసమని ప్రకాశం బ్యారేజీ నుంచి కొన్ని రోజులు నీళ్లు వదులుతారు, ఆ కొద్ది రోజుల్లోనే ప్రతి ఊరూ ఎగబడి చెరువు పీకలదాకా నింపుకుంటుంది, ఎందుకంటే మళ్లీ కాలువ వచ్చేదాకా తాగడానికి అవే దిక్కు. అంటే మే నెల వచ్చేసరికి చుట్టూ పొలాలు ఎండి నోళ్లు తెరుచుకుని ఉంటాయి, చెరువు మాత్రం నిండుకుండలా ఉంటుంది. సరిగ్గా అప్పుడు బంగాళాఖాతంలో వాయుగుండం పడితే? పడదని ఏం లేదు. 1990 మే 9న తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర దాటింది.

పైగా మే నెలలో గట్టు పరిస్థితి వేరు. మన నల్లరేగడి గట్టు ఎండకి చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది. తొలి వాన నీళ్లు గట్టు మీద నుంచి జారిపోకుండా నేరుగా ఆ బీటల్లోకి దిగి లోపల్నుంచి మెత్తబరుస్తాయి. తూము (గట్టు అడుగున నీళ్లు వచ్చిపోయే గొట్టం) షట్టర్ నెలల తరబడి కదపక తుప్పు పట్టి ఉంటుంది. మురుగు కాలువ నిండా తూటికాడ, గుర్రపుడెక్క. సాయం పట్టాల్సిన కుర్రాళ్లలో సగం మంది పెళ్లిళ్లకి పోయి ఉంటారు. ఇవన్నీ ఒకేసారి కలిసొస్తాయి కాబట్టి, ఆగస్టులో ఎవరూ పట్టించుకోని వాన మేలో గట్టు తెంపగలదు.

ముందు ఒక లెక్క వేసుకోండి

వాతావరణ శాఖ భాషలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు వస్తే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. టీవీలో ఆ మాట వినగానే మీ చెరువుకి దాని అర్థం ఏమిటో తెలియాలి.

పదెకరాల చెరువు అనుకుందాం. 100 మిల్లీమీటర్ల వాన పడితే నేరుగా చెరువు మీద పడిన నీటితో మట్టం పెరిగేది నాలుగు అంగుళాలే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఊరి వీధులు, పక్క పొలాలు కలిపి ఓ యాభై ఎకరాల నీళ్లు గట్టు పల్లంగా ఉన్న చోటు నుంచో, పాత మోరీ గుండానో చెరువులోకి దారి చేసుకున్నాయనుకోండి (మంచినీళ్ల చెరువులోకి వీధి నీళ్లు రాకూడదు, నిజమే, వస్తాయి), అందులో సగం ఇంకిపోయినా మిగతా సగం ఇంకో పది అంగుళాలు పెంచుతుంది. మొత్తం అడుగు పైచిలుకు. గట్టు తలకి, నీళ్లకి మధ్య అడుగున్నర వదిలి నింపిన చెరువైతే ఇక మిగిలింది నాలుగు అంగుళాలు, ఈదురుగాలికి లేచే అలలే అంతకంటే ఎత్తు ఉంటాయి.

ఇప్పుడు ఇంజన్ పెట్టి తోడేద్దాం అనేవాళ్ల కోసం రెండో లెక్క. పదెకరాల్లో ఒక్క అడుగు నీళ్లంటే దాదాపు కోటీ 23 లక్షల లీటర్లు. పొలానికి వాడే ఆయిల్ ఇంజన్ సెకనుకు 20 లీటర్లు తోడుతుందనుకున్నా గంటకు 72 వేల లీటర్లు, అంటే రాత్రీ పగలూ ఆపకుండా ఆడినా అడుగు తగ్గడానికి వారం పడుతుంది. అదే రెండడుగుల వ్యాసం ఉన్న తూము పూర్తిగా తెరిచి, అవతల మురుగు కాలువలో నీళ్లు మీటరు దిగువన ఉంటే, ఆరేడు గంటల్లో అంత నీరూ పోతుంది. కాబట్టి డీజిల్ కోసం పరుగెత్తే ముందు తూము సంగతి చూడండి. మొత్తం వ్యవహారం తూము మీదే ఉంది.

వాయుగుండం అని వినపడిన రోజే

మొదట వెళ్లి షట్టర్ తిప్పి చూడండి. తెరవమని కాదు, కదులుతుందో లేదో. మా ఊళ్లో ఒక ఏడాది ఏమైందంటే, వాన మొదలయ్యాక నలుగురం టార్చిలైట్లు పట్టుకుని తూము దగ్గరికి పోయాం, తీరా చూస్తే షట్టర్ తిప్పే హ్యాండిల్ లేదు. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని ఒకాయన ఇంట్లో భద్రంగా దాచారు, ఆయన ఆ ఇంటికి తాళం వేసి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి హైదరాబాద్ వెళ్లాడు. ఫోన్ చేస్తే "బీరువా పక్కన ఉంటది చూడండ్రా" అంటాడు, బీరువా లోపల, మేము బయట. చివరికి పైపు రెంచి పెట్టి, తుప్పు మీద కిరసనాయిలు పోసి, సుత్తితో తడుతూ గంటన్నరకి నాలుగు మరలు తిప్పాం. అప్పటికి నీళ్లు రేవులో ఇంకో మెట్టు ఎక్కాయి. అందుకే హ్యాండిల్ ఎక్కడుందో కనీసం ముగ్గురికి తెలియాలి, ఆ ముగ్గురూ ఒకే పెళ్లికి పోయేవాళ్లు కాకుండా చూసుకోండి.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. చెరువుకి రెండు తూములు ఉంటాయి, ఒకటి కాలువ నుంచి నీళ్లు వచ్చేది, ఇంకోటి బయటికి పోయేది. వాన ముందు లోపలికి వచ్చే తూము గట్టిగా మూసి ఉందో లేదో చూడండి, ఎందుకంటే వానకి పంటకాలువ కూడా పొంగుతుంది, పొంగి మీ చెరువులోకే పోస్తుంది. అది కాలువ వాళ్ల పరిధి, కాలువ చూసుకునే లస్కర్‌కి చెప్పి మూయించండి. బయటికి పోయే తూము పంచాయతీదైతే కార్యదర్శికి, సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌కి చెప్పి వాళ్లని దగ్గర పెట్టుకునే తెరవండి. మీరే సొంతంగా తెరిచి, తర్వాత తుఫాను దారి మళ్లి ఎండ కాస్తే, జూన్‌లో నీళ్లు చాలనప్పుడు ఊరంతా మీ పేరే చెప్పుకుంటుంది. ఈ భయంతోనే చాలా ఊళ్లలో ఎవరూ ముందు తూము ముట్టుకోరు. మధ్యేమార్గం ఏంటంటే, భారీ వర్షం హెచ్చరిక వచ్చిందని ఖాయమైతే ముందే ఒక అరడుగు మాత్రం వదిలించండి. అరడుగు పోతే తాగునీటికి పెద్ద లోటు రాదు, గట్టుకి మాత్రం ఊపిరి దొరుకుతుంది.

రెండోది, పగలు గట్టు చుట్టూ ఒకసారి పూర్తిగా నడవండి. బండి మీద కాదు, కాలినడకన, చేతిలో ఒక కర్ర పట్టుకుని. బీటలు, ఎలుక కన్నాలు, పందికొక్కు బొరియలు, పీత బొక్కలు, గేదెలు దిగి దిగి అరిగిపోయిన పల్లం, ఎప్పుడో కొట్టేసిన తుమ్మచెట్టు మొదలు కుళ్లి గుల్లయిన చోటు, ఇవన్నీ ఒక్కోటి చూసి ఎర్రగుడ్డ కట్టిన పుల్ల గుచ్చండి. రాత్రి టార్చి వెలుగులో ఆ పుల్లలే మీకు దారి చూపిస్తాయి. బీటల్లో ఇసుక పోయకండి, నీళ్లు ఇంకా సులువుగా దిగుతాయి. బంకమట్టి కొద్దిగా తడిపి, ముద్దలు చేసి, గెడ్డపార మొద్దు వైపుతో కూరండి.

మూడోది బస్తాలు. ఖాళీ యూరియా బస్తాలు ఏ ఇంట్లో అడిగినా దొరుకుతాయి. పది అడుగుల పొడవున అడుగు ఎత్తు లేపాలంటే సుమారు యాభై బస్తాలు కావాలి, కాబట్టి గట్టు అంతా లేపుదాం అని కలలు కనకండి, పుల్లలు గుచ్చిన పల్లపు చోట్లకి సరిపడా చూసుకోండి. టార్పాలిన్ పట్టాలు మాత్రం ముందే రెండు దాచిపెట్టుకోండి, మే నెలలో వాన అనగానే ఊళ్లో ఉన్న ప్రతి పట్టా మొక్కజొన్న కల్లాల మీదికి పోతుంది, బతిమాలినా ఎవరూ ఇవ్వరు, ఇవ్వకపోవడంలో తప్పు కూడా లేదు.

నీళ్లు ఎక్కడికి పోతాయో చివరిదాకా వెళ్లి చూడండి

ఇది అందరూ వదిలేసే పని. తూము తెరిస్తే నీళ్లు మురుగు కాలువలో పడతాయి, అక్కడి నుంచి? ఆ కాలువ వెంట బండి మీద రెండు మూడు కిలోమీటర్లు వెళ్లండి. ఎక్కడో ఒక చోట పొలానికి దారి కోసం వేసిన సన్నటి సిమెంటు గొట్టం ఉంటుంది, దాని మూతికి గుర్రపుడెక్క బిరడా బిగించినట్టు పట్టేసి ఉంటుంది. అది లాగకుండా మీరు ఇక్కడ ఎన్ని మరలు తిప్పినా లాభం లేదు, కాలువ నిండి నీళ్లు ఎగదన్నుతాయి.

ఎగదన్నడం అంటే ఏంటో విజయవాడ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బుడమేరు వాగు నీళ్లని మళ్లించే డైవర్షన్ చానల్ కలిసేది బ్యారేజీకి ఎగువన అదే కృష్ణలో. నది అంత నిండుగా ఉంటే చానల్ నీళ్లు నదిలోకి దిగవు, అప్పటికే చానల్‌కి గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. గుంటూరు వైపు కొండవీటి వాగుదీ అదే కథ, కృష్ణ పొంగితే వాగు నీళ్లు నదిలో కలవలేవు, అందుకే ఉండవల్లి దగ్గర 2018లో 5 వేల క్యూసెక్కులు తోడే ఎత్తిపోతల పెట్టారు. మీ ఊరి చెరువు వాటి ముందు గోళీకాయంత, కానీ సూత్రం ఒక్కటే.

ఇంకో మాట, కింది ఊరికి ఫోన్ చేయండి. మే నెలలో కింద పొలాల్లో ఏం ఉంటుంది అనుకోవద్దు. అరటి ఉంటుంది, కంద ఉంటుంది, కల్లంలో మొక్కజొన్న రాశులు ఉంటాయి. "రేపు పొద్దున్నే తూము తెరుస్తున్నాం బాబాయ్, కల్లాలు చూసుకోండి" అని ఒక మాట ముందు చెబితే, తర్వాత కర్రలు పట్టుకుని రారు.

వాన పడే రాత్రి

రేవు మెట్ల మీద గుర్తు పెట్టుకోండి. నీళ్లు తాకిన చోట సుద్దముక్కతో గీత గీసి టైము రాయండి, వానకి చెరిగిపోతుంది అనుకుంటే గోడకి మేకు కొట్టండి. గంటగంటకీ చూడండి. గంటకి ఒక అంగుళం పెరుగుతోందా, మూడు అంగుళాలా అన్నదాన్ని బట్టే తూము ఎంత తెరవాలి, జనాన్ని లేపాలా వద్దా అన్నది తేలుతుంది. "బాగా పెరుగుతోందిరా" అనే మాటకి అర్ధరాత్రి విలువ లేదు, అంకె చెప్పండి.

తర్వాత నీళ్లు బయటికి పోయే చోట నిలబడి చూడండి. అలుగు (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) గానీ తూము మూతి గానీ. చేపల వేలంపాట పాడుకున్న పాటదారు చేప పోకుండా అక్కడ వల కడతాడు, ఆయన వేల రూపాయలు పెట్టి పిల్లలు వదిలాడు, ఆయన బాధ ఆయనది. కానీ సన్నకన్ను వలకి గుర్రపుడెక్క, కొబ్బరిమట్టలు, చెత్త పట్టేస్తే అది వల కాదు గోడే. నేను చెప్పిన ఆ రాత్రి మేము షట్టర్ తిప్పాక కూడా నీళ్లు సరిగ్గా పోలేదు. లోపల ఏదో అడ్డం పడిందని పాటదారు కొడుకు, మేనల్లుడు నడుముకి తాడు కట్టుకుని దిగారు. వలకి చాప చుట్టినట్టు నాచు, అందులో ఒక పిల్లల బంతి, ఒంటి చెప్పు, వినాయకుడి ఫ్లెక్సీ ముక్క. కొడవలితో వల ఒక పక్క కోయగానే గొట్టం గుర్రు మని శబ్దం చేస్తూ లాగేసింది. ఆ లాగుడికి మేనల్లుడి కాలు జారింది, తాడు లేకపోతే నేను ఈ మాట ఇంత తేలిగ్గా రాయలేను. అందుకని తెరిచిన తూము దగ్గర ఎవరినీ నీళ్లలోకి దింపకండి. ముందు షట్టర్ మూసి, నీళ్లు నిలిచాక, గట్టు మీద నుంచే పొడవాటి వెదురుకి కొడవలి కట్టి లాగండి. వల తీసేయక్కర్లేదు, తూముకి నాలుగు గజాల ముందు అర్ధచంద్రాకారంలో వెడల్పుగా కట్టించండి, చెత్త పట్టినా పక్కలనుంచి నీళ్లు పోతాయి.

గట్టు బయటి వైపు ఊట కనిపిస్తే వెంటనే కంగారుపడకండి, ముందు రంగు చూడండి. అరచేతిలో పట్టి టార్చి వేయండి. తేటగా ఉంటే ఊట, కాపలా పెట్టి గమనిస్తూ ఉండండి. మట్టి కలిసి టీ రంగులో వస్తే లోపల బుంగ పడుతోందని అర్థం, గట్టులోని మన్ను కొట్టుకొస్తోంది. అప్పుడు చాలామంది చేసే తప్పు, ఆ నోటి మీద బస్తా వేసి తొక్కడం. అక్కడ మూస్తే నీళ్లు రెండు గజాల పక్కన ఇంకో నోరు తెరుస్తాయి. దాన్ని మూయకుండా చుట్టూ బస్తాలతో బావి ఒరలా గుండ్రంగా కట్టుకుంటూ ఎత్తు పెంచండి, లోపల నీళ్లు నిలిచి వాటి బరువుకి ఊట నెమ్మదిస్తుంది, తేటగా మారే ఎత్తు దాకా పెంచి ఆపండి. అడుగున ముందు ఇసుక, దాని మీద కంకర వేస్తే నీళ్లు పోతాయి, మన్ను ఆగుతుంది. లోపలి వైపు, చెరువులో ఆ సూటికి చిన్న సుడి కనిపిస్తే దాని మీద పట్టా పరిచి అంచులకి బస్తాలు వేసి దింపండి. బస్తాలకి మన్ను గట్టు మొదట్లోంచి మాత్రం తవ్వకండి, ఎక్కడో దూరం నుంచి ట్రాక్టర్‌లో తెచ్చుకోండి.

బస్తాలు వేసే తీరు కూడా చెబుతా. మూడొంతుల్లో రెండొంతులే నింపండి, ముక్కు పగిలేలా నింపితే ఒకదానికొకటి అతుక్కోవు. మూతి కిందికి మడిచి, ఇటుకల వరసలా అతుకు మీద అతుకు రాకుండా పేర్చి, ఎక్కి తొక్కండి.

ఎక్కడైనా నీళ్లు గట్టు తల మీద నుంచి పొర్లడం మొదలై బయటి వాలు కోసుకుపోతుంటే, ఇక హీరోయిజం వద్దు. ముందు దిగువన ఉన్న ఇళ్లని లేపండి, గుడి మైకులో చెప్పించండి, అత్యవసర నంబరు 112కి గానీ, విపత్తుల కంట్రోల్ రూము 1070కి గానీ ఫోన్ చేయండి. కొందరు ఆ టైములో "పక్కకి గండి కొడదాం" అంటారు. మన్ను గట్టుకి చేత్తో కొట్టిన గండి చేతి కొలతలో ఆగదు, నీళ్లు వాటికి కావాల్సినంత వెడల్పు చేసుకుంటాయి. అధికారులు, ఇంజనీరు చూసి చెప్పందే ఆ పలుగు ఎవరికీ ఇవ్వకండి.

పిడుగుల సంగతి మర్చిపోవద్దు. మే నెల వానకి ఉరుము తప్పదు, గట్టు మీద చుట్టుపక్కల మీరే ఎత్తు, చేతిలో ఇనప గెడ్డపార. ఫోన్‌లో పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ పెట్టుకోండి, దగ్గర్లో ఉరుముతుంటే దిగిపోయి ఇంట్లో కూర్చోండి, తాడిచెట్టు కిందకి మాత్రం పోకండి. గట్టు మీద మోటార్లు, స్టార్టర్ డబ్బాలు ఉంటే కరెంటు ముందే తీయించండి, కరెంటు వాళ్ల నంబరు 1912కి చెబితే సరి. కన్నాల్లోకి నీళ్లు వెళ్తే పాములన్నీ గట్టు ఎక్కుతాయి, బూట్లు లేకుండా ఎవరూ రావద్దని గట్టిగా చెప్పండి.

వాన వెలిశాక

వెలిసింది కదా అని తూము బార్లా తెరిచి ఒక్కరోజులో దించేయకండి. నానిన గట్టుకి లోపల నీళ్లే ఆనుడు, ఆ ఆనుడు ఒక్కసారి తీసేస్తే లోపలి వాలు అట్టు తిరగేసినట్టు జారి చెరువులో పడుతుంది. రోజుకి అడుగు మించకుండా దించండి, కావాల్సిన మట్టానికి రాగానే ఆపండి. ఆ నీళ్లే జూన్ ఆఖరుదాకా తాగాలి.

తాగడం అంటే, వీధి నీళ్లు కలిసిన చెరువు కాబట్టి గ్రామీణ నీటి సరఫరా వాళ్లు పరీక్ష చేసి క్లోరిన్ వేసేదాకా కుళాయి నీళ్లు మరగబెట్టుకోవాల్సిందే. తేటగా కనిపిస్తున్నాయి కదా అనే అత్తయ్యలకి నచ్చజెప్పడం మీ పని. చేపలు పొద్దున్నే పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే అది గాలి చాలకపోవడం, మబ్బు పట్టిన మూడు నాలుగు రోజులూ ఇది ఉంటుంది, పాటదారు మేత ఆపి నీళ్లు తిరగగొట్టించుకుంటాడు. చచ్చి తేలినవి ఏ పూటకి ఆ పూట తీయించండి.

ఎర్రగుడ్డ పుల్లలు పీకేయకండి, మరమ్మతుకి వచ్చే ఇంజనీరింగ్ అసిస్టెంట్‌కి చూపించడానికి అవే సాక్ష్యం. ఫోటోలు తీసి, నీళ్లు ఎంతదాకా వచ్చాయో రేవు గోడ మీద రంగుతో గీత గీసి తేదీ రాయించండి. షట్టర్ మరకి ఒక డబ్బా గ్రీజు పట్టించి, నెలకోసారి నాలుగు మరలు అటూ ఇటూ తిప్పే పని ఎవరికైనా అప్పగించండి. మా హ్యాండిల్ ఇప్పుడు పంచాయతీ ఆఫీసు గోడకి గొలుసు వేసి కట్టి ఉంది, తాళంచెవులు మూడు, ఒకటి ఎదురుగా ఉన్న టీ కొట్టులో ఉంటుంది, ఆ కొట్టు ఏ పెళ్లికీ మూయరు.